ఈరమ్మ పసుపు, మిల్లు యజమాని సంతకం

1988లో గద్వాలలో, కోర్టుకు పోయే దారిలో నాకొక చిన్న గది ఉండేది. ఒక బల్ల, దాని మీద ఒక ఇంగ్లీషు టైపు మిషను, ఒక తెలుగు మిషను, ఎదురుగా రెండు స్టూళ్లు. బయట బోర్డు మీద ‘జాబ్ టైపింగ్ చేయబడును’ అని రాయించాను. జాబ్ టైపింగ్ అంటే పిల్లలకు టైపు నేర్పడం కాదు, ఎవరికి ఏ కాగితం కావాలంటే అది కొట్టివ్వడం. అఫిడవిట్లు, దరఖాస్తులు, పొలం గెట్టు పంచాయితీల పిటిషన్లు, బదిలీ కోసం టీచర్లు పెట్టుకునే మొరలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరివాళ్ల కష్టాలే నా వేళ్ల కిందినుంచి పోయేవి. సంతోషంగా ఉన్న మనిషికి టైపిస్టుతో ఏం పని? అలాంటి గదిలోకి నవ్వుకుంటూ వచ్చిన ఒకే ఒక్క పార్టీ రాఘవేంద్ర. పని తెచ్చే మనిషిని మేం పార్టీ అంటాం.

అతని సంగతి చెప్పేముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు కాగితం శుభ్రంగా ఉండాలి. ఒక అక్షరం తప్పుపడితే రబ్బరుతో రుద్ది, దాని మీదే మళ్లీ కొట్టే టైపిస్టులు ఉన్నారు. నేను కాగితం లాగి చింపేసి కొత్తది ఎక్కించే రకం. చాయ్ గ్లాసుతో లోపలికి అడుగుపెడితే కోర్టు బంట్రోతునైనా సరే వాకిట్లోకి పంపేదాన్ని. టైపక్క దగ్గరికి చేతులు కడుక్కొని పోవాలని ఊళ్లో వెక్కిరించేవాళ్లు. వెక్కిరిస్తే వెక్కిరించారు, పని మాత్రం నా దగ్గరికే తెచ్చేవాళ్లు.

రాఘవేంద్ర మగ్గం నేసేవాడు. అప్పటికి ముప్పై నిండలేదు. వాళ్ల వీధిలో అందరిలాగే నూలు ఒంటికి పట్టు అంచు కలిపి చీరలు నేసేవాడు. తండ్రి లేడు. తల్లి ఈరమ్మ పక్కన కూర్చుని కండెలకు నూలు చుట్టేది. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి, అడగకముందే చేతులు రెండూ తిప్పి చూపించి, స్టూలు మీద కూర్చున్నాడు. సైకిళ్ల కంపెనీ ఓనరుకు ఇంగ్లీషులో ఒక ఉత్తరం కొట్టాలన్నాడు. సైకిలు పాడైందేమో, ఫిర్యాదు కాబోలు అనుకుని కాగితం ఎక్కించాను.

“ఫిర్యాదు కాదక్కా,” అన్నాడు. “ఆయన జిందగీల మొట్టమొదలు నేర్చుకున్న చేతిపని ఏందో అడగాలె. జవాబు రాసి కింద సంతకం చేసి పంపుమనాలె.”

నేను వేళ్లు మిషను మీది నుంచి తీసి అతని మొహం చూశాను. తాగొచ్చాడా అంటే ఆ వాసన లేదు. ఎందుకయ్యా నీకీ గొడవ అంటే, తాను చిన్నప్పుడు మొదట నేర్చుకున్నది కండె చుట్టడమని, అంత పెద్ద మనిషి కూడా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక పనితో మొదలుపెట్టే ఉంటాడు కదా, అదేదో తెలుసుకోవాలని ఉందని చెప్పాడు. సినిమా వాళ్ల ఫొటోలు పోగుచేసే వాళ్లను చూశాను, క్రికెట్ ఆటగాళ్ల సంతకాలు పోగుచేసే వాళ్లను చూశాను. కంపెనీల యజమానుల ఉత్తరాలు పోగుచేసే వాణ్ని మాత్రం అతన్నే చూశాను. పిచ్చివాడనుకున్నాను. అయినా కొట్టిచ్చాను.

జవాబు వచ్చింది! సైకిళ్ల పెద్దమనిషి తాను మొదట నేర్చింది ట్యూబుకు అతుకు వేయడమని రాసి, సంతకం చేశాడు. ఆ తర్వాత రాఘవేంద్ర ఆగలేదు. సబ్బుల కంపెనీ ఆయన తల్లి పక్కన కూర్చుని సబ్బు బిళ్లలకు కాగితం చుట్టడం నేర్చుకున్నానని రాశాడు. మందుల కంపెనీ ఆయన రోలు కడగడంతో మొదలుపెట్టాడట. మోటారు పంపుల కంపెనీ ఆయన మాత్రం నాకు చేతిపని ఏదీ రాదు, మీ ఉత్తరం చదివాక సిగ్గనిపించింది అని రాశాడు. అది చదివిన రోజు నేను నవ్వలేక చచ్చాను. ఒక్కొక్క ఉత్తరాన్నీ రాఘవేంద్ర పెళ్లి ఫొటోలు పెట్టుకునే రకం ఆల్బం ఒకటి కొని అందులో పెట్టుకుని, నా దగ్గరికి తెచ్చి చూపించేవాడు. నిజం చెప్పాలంటే, పోస్టు వచ్చే వేళకు నాకూ పని మీద చెయ్యి ఆడేది కాదు.

ఇక్కడ మా వృత్తి విషయం ఒకటి చెబుతాను. పెద్దవాళ్ల దగ్గరినుంచి వచ్చే ఉత్తరం కింద సంతకం మూడు రకాలు. మొదటిది ఫర్ సంతకం, అంటే యజమాని పేరు ముందు ‘ఫర్’ అని కొట్టి సెక్రటరీ చేసేది. రెండోది రబ్బరు స్టాంపు, యజమాని సంతకాన్ని అచ్చుపోయించి గుద్దేది. మూడోది ఒరిజినల్, ఆయనే కలం పట్టుకుని చేసింది. ఒరిజినల్ అయితే కాగితం తిరగేసి వేలితో తడిమితే కలం నొక్కిన గీత చేతికి తగులుతుంది. ఆ మూడో రకం తప్ప వేరేది రాఘవేంద్ర ఆల్బంలో పెట్టేవాడు కాదు.

అన్నీ వచ్చినా ఒకటి రాలేదు. బొంబాయిలో ఒక పెద్ద బట్టల మిల్లు ఉండేది. ఆ మిల్లు బట్ట దొరకని దుకాణం మా జిల్లాలో లేదు. ఆ మిల్లు యజమాని సంతకం రాఘవేంద్రకు అన్నింటికన్నా ముఖ్యం. మగ్గం పని మిల్లుల వల్లే దెబ్బతింటున్నదని వాళ్ల వీధిలో రోజూ వినే మాటే. అంత బట్ట నేయించే మనిషి ఒక్కసారైనా నూలు పోగు చేత్తో పట్టుకున్నాడా లేదా అన్నది అతని పట్టుదల. ఎన్ని ఉత్తరాలు కొట్టినా అక్కణ్నుంచి వచ్చేది మాత్రం ఒకే అచ్చు కార్డు. ‘మీ అభిమానానికి కృతజ్ఞతలు’, కింద రబ్బరు స్టాంపు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మార్జిన్ మరింత అందంగా పెట్టి, రిబ్బన్ కొత్తది వేసి మళ్లీ కొట్టేదాన్ని. మళ్లీ అదే కార్డు.

ఇంతలో అతనికి ఆత్మకూరు సంబంధం వచ్చింది. పిల్ల పేరు పద్మ. ఇంటర్ చదివి, తండ్రి బాలస్వామి బట్టల దుకాణంలోనే కూర్చునేది. చూపులయ్యాయి. పిల్లకు పిల్లవాడు, పిల్లవాడికి పిల్ల నచ్చారు. బాలస్వామికి మాత్రం ఎవరో ఆల్బం సంగతి చెప్పారు. ఆయన దాన్ని వేరేగా అర్థం చేసుకున్నాడు. పెద్ద పెద్ద సేట్లకు ఉత్తరాలు రాస్తాడంటే ఏదో అడుక్కుంటున్నాడనే లెక్క, అలాంటి వాడికి పిల్లనెట్లా ఇవ్వాలి, ఆ పని మానితేనే మాట ముందుకు పోతుందని కబురు పంపాడు. ఈరమ్మ దసరా దాకా గడువు అడిగి వచ్చింది.

ఆ వారం రాఘవేంద్ర నా గదికి వచ్చినప్పుడు మొహంలో నవ్వు లేదు. చేతులు చూపించడం కూడా మరిచిపోయాడు.

“ఆఖరిసారి మిల్లాయనకు కొట్టక్కా,” అన్నాడు. “దసరా దాక చూస్త. రాకుంటే ఆల్బం మూసి అటుక మీద పెడ్త. నాకు పద్మ కావాలె.” స్టూలు బల్ల దగ్గరికి లాక్కుని, “ఆల్బం గూడ కావాలె,” అన్నాడు.

ఆ ఉత్తరం నేను కొట్టిన తీరు మీరు చూడాల్సింది. నాలుగు వైపులా మార్జిన్ కొలిచినట్టు ఉంది. ఒక్క మచ్చ లేదు. చేతులు రెండుసార్లు కడుక్కుని, మడిచి, కవరు మీద చిరునామా కొట్టి ఇచ్చాను. ఇంటికి పోయి సంతకం పెట్టి, అంటించి, పోస్టు చేయమన్నాను. పండుగ ముందు రోజులు కదా, అతనికి మగ్గం దిగే తీరిక లేదు. సంతకం చేసి తల్లికిచ్చి, అంటించి డబ్బాలో వేసి రమ్మన్నాడు. ఈరమ్మ నాలుగు అన్నం మెతుకులతో కవరు అంటించి వేసి వచ్చింది.

దసరా ఇంకా వారం ఉందనగా జవాబు వచ్చింది. పోస్ట్‌మన్ దాన్ని రాఘవేంద్రకు చాయ్ హోటల్ దగ్గరే ఇచ్చాడు. అక్కడ కూర్చున్న బ్యాంకు గుమాస్తా దాన్ని అందరికీ వినపడేలా చదివాడు. రాఘవేంద్రకు సంతకం మీద తప్ప దేని మీదా ధ్యాస లేదు. పరుగెత్తుకుంటూ నా గదికి వచ్చి కాగితం నా ముందు పెట్టాడు. తిరగేసి వేలితో తడిమాను. గీత తగిలింది. ఇంకోసారి తడిమాను. ఒరిజినలే. నేను లేచి నిలబడిపోయాను. నా జీవితంలో మొదటిసారి గదిలోకి రెండు చాయ్‌లు తెప్పించాను.

“ఇగ ఏం రాసిండో జర చదువక్కా,” అన్నాడు. “ఆ గుమాస్త చదివినప్పుడు నా మనసు మనసుల లేదు.”

చదివాను. మీ ఇంట జరగబోయే శుభకార్యానికి నా హృదయపూర్వక అభినందనలు, వధూవరులకు నా ఆశీస్సులు, నూరేళ్లు చల్లగా ఉండాలి, ఇట్లు, సంతకం. అంతే. అడిగిన ప్రశ్నకు జవాబు లేదు. నూలు పోగు ఊసే లేదు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెళ్లి సంగతి బొంబాయికి ఎవరు చెప్పారు? రాఘవేంద్ర మెల్లగా, పద్మ సంగతి గిట్ల ఏమన్న రాసినవా అక్కా అని నన్నే అడిగాడు. నాకు ఒళ్లు మండింది. పార్టీ చెప్పని మాట ఒక్కటి చేర్చినా ఆ టైపిస్టు పనికిరానట్టే. కార్బన్ కాపీ తీసి బల్ల మీద కొట్టాను. కార్బన్ కాపీ అంటే ఒరిజినల్ కింద నల్ల కాగితం పెట్టి తీసే రెండో ప్రతి, పైన పడిన ప్రతి అక్షరం అందులో ఉంటుంది. పెళ్లి అన్న మాట ఎక్కడుందో చూపించమన్నాను. మేమలా గొడవ పడుతుండగానే ఈరమ్మ వచ్చింది. ఉత్తరం వచ్చిందని విని, కండెలు అక్కడే పడేసి వచ్చిందట.

సంగతి విని ఆమె చాలా మామూలుగా చెప్పింది. “కాగితానికి పసుపు వెట్టిన గద. నాలుగు మూలలకు.”

“ఏ కాగితానికి?” అన్నాను.

“నువ్వు కొట్టిచ్చినవు సూడు, గా కాగితానికే.”

కొలిచి పెట్టిన మార్జిన్లు, రెండుసార్లు కడుక్కున్న చేతులు, మచ్చ లేని కాగితం, దాని నాలుగు మూలలా బొటనవేలంత పసుపు! నీకు బుద్ధుందా పెద్దమ్మా, కంపెనీలకు పంపే కాగితానికి పసుపు పూస్తారా ఎవరైనా అని ఎగిరిపడ్డాను. ఆమె ఏమాత్రం తొణకలేదు. మగ్గం మీదికి కొత్త పడుగు ఎక్కిస్తే పెట్టమా, కొత్త చీర కట్టుకుంటే కొంగుకు పెట్టమా, నా కొడుకు ఆఖరి కాగితానికి పెడితే ఏమైంది అని నన్నే అడిగింది. అప్పుడు వెలిగింది నాకు. నాలుగు మూలలా పసుపు ఉన్న కాగితం ఏమిటి? శుభలేఖ. బొంబాయి ఆఫీసులో కవరు విప్పిన వాళ్లు చదివి ఉండరు, చూసి ఉంటారు. అభిమానుల ఉత్తరాల్లో పడేయకుండా పెళ్లి కార్డుల్లో పెట్టి ఉంటారు. పెళ్లి కార్డులకు మాత్రం ఆయన స్వయంగా సంతకం చేస్తాడన్న మాట! అన్ని నెలలుగా నా కొత్త రిబ్బన్లు చేయలేని పని ఈరమ్మ బొటనవేలు చేసింది. ముగ్గురం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

ఆ నవ్వు రెండు రోజులు కూడా నిలవలేదు. చాయ్ హోటల్లో చదివిన ఉత్తరం కదా, రాఘవేంద్ర పెళ్లికి బొంబాయి సేఠు ఆశీర్వాదం పంపాడని ఊరంతా గుప్పుమంది. ఆ రోజు నూలు పని మీద గద్వాలకు వచ్చిన బాలస్వామి చుట్టమొకడు ఆ మాట ఆత్మకూరుకు మోసుకుపోయాడు. మేం ఇంకా ఒప్పుకోనే లేదు, మా పిల్లతో పెళ్లని బొంబాయి దాకా చాటుకున్నాడా, ఇంత తొందరపాటు మనిషి మాకొద్దు, ఈ సంబంధం ఇంతటితో సరి అని బాలస్వామి కబురు పంపాడు. రాఘవేంద్ర మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడని ఈరమ్మ వచ్చి నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. తాను పెట్టిన పసుపే కొడుకు పెళ్లి చెడగొట్టిందని ఆమె బాధ.

నేను గదికి తాళం వేశాను. కోర్టు ఉన్న రోజు తాళం వేయడం నాకు అలవాటు లేదు. ముగ్గురం వనపర్తి బస్సెక్కి, అక్కడ దిగి ఆత్మకూరు బస్సెక్కాం. రాఘవేంద్ర ఒళ్లో ఆల్బం, నా సంచిలో కార్బన్ కాపీ, మిల్లాయన ఉత్తరం.

బాలస్వామి దుకాణంలో గజం బద్దతో బట్ట కొలుస్తున్నాడు. మమ్మల్ని చూసి కూర్చోమన్నాడు గానీ తలెత్తలేదు. నేను మొదలుపెట్టి మొత్తం చెప్పాను. కార్బన్ కాపీ ముందు పెట్టి, పెళ్లి అన్న మాట మేం రాయలేదని, పసుపు చూసి వాళ్లే అలా అనుకున్నారని చెప్పాను. ఆయన నమ్మలేదు. కోర్టు దగ్గర కూర్చునే మనిషివి, నీకు మాటలకేం తక్కువ అన్నట్టు చూశాడు.

“పసుపు జూసి గంత పెద్ద సేఠు సంతకం పెడ్తడా అమ్మా?” అన్నాడు. “కంపిని కాగితానికి పసుపు పెట్టేటోళ్లను నేనైతే సూడలే.”

అప్పటిదాకా తలవంచుకుని కూర్చున్న ఈరమ్మ లేచి, అరుగు మీద కొత్తగా విప్పిన బట్ట తాను దగ్గరికి పోయింది. దాని అంచు పట్టుకుని పైకెత్తింది. అంచు మీద మిల్లు పేరు అచ్చు ఉంది. మా ఉత్తరం పోయిన మిల్లే. ఆ పేరు పక్కనే ఒక పసుపు బొట్టు ఉంది.

“దీనికి పసుపెవరు వెట్టిండ్రన్నా?” అంది.

“నేనే వెట్టిన. కొత్త మాలు గద.”

“ఎందుకు వెట్టినవ్?”

“మంచిగ పోవాలె అని.”

“నా కొడుకు కాగితం గూడ మంచిగ పోవాలెననే వెట్టిన,” అంది ఈరమ్మ.

బాలస్వామి గజం బద్ద పక్కన పెట్టాడు. ఆ బొట్టును చూశాడు. తర్వాత పంచెకు చేతులు తుడుచుకుని, ఆ ఉత్తరం ఇటివ్వమని అడిగాడు. నేను తిరగేసి ఇచ్చి, వెనక వేలితో తడమమన్నాను. ఇన్నేళ్లుగా ఆయన అమ్మే బట్ట మీద పేరున్న మిల్లు, ఆ మిల్లు యజమాని చేతి ఒత్తిడి ఆయన వేలికి తగిలింది. ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తే, కొత్త బట్టలు చూసిన పిల్లవాడి మొహం.

ఇటు మేం మాట్లాడుకుంటుంటే అటు పద్మ ఆల్బం తీసుకుని, గల్లా పెట్టె వెనకాల నిలబడి ఒక్కొక్కటే చదువుతోంది. ఆమెకు ఇంగ్లీషు బాగానే వచ్చు. ఒక చోట ఆగి, ఇంకెవరినీ చూడకుండా సూటిగా రాఘవేంద్రను అడిగింది.

“గీ పంపుల కంపిని ఆయన తనకు ఏ పని రాదన్నడు గద. ఆయనకు మళ్ల ఏం రాసినవ్?”

“గద్వాలకు రాండ్రి, మగ్గం నేర్పిస్త అని రాసిన,” అన్నాడు రాఘవేంద్ర, నేల చూపులు చూస్తూ.

పద్మ పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే తండ్రి వైపు తిరిగింది. “నాయినా, గీయన ఎవ్వరినీ ఏం అడుక్కోలే. ఏం పని నేర్చుకున్నరని అడిగిండు. గంతే. గీ బుక్కు మూసుడు వద్దు. ఇగనుంచి ఉత్తరాలు నేను రాసిస్త.”

నా ఎదురుగానే నా పార్టీని లాక్కుంది పిల్ల! అంత సంతోషంగా నేను ఏ పార్టీనీ పోగొట్టుకోలేదు. బాలస్వామి ఉత్తరం మడత మీద మడత పడకుండా తిరిగిచ్చాడు. బొంబాయి నుంచి ఆశీర్వాదం వచ్చిన పెళ్లిని ఆపితే రేపు ఈ బట్ట ఏ మొహంతో అమ్మాలి అని గొణిగి, లోపలికి కేకేసి మాకు భోజనాలు పెట్టమన్నాడు.

పెళ్లి కార్తీకంలో జరిగింది. శుభలేఖలు అచ్చయిన రోజు ఈరమ్మ ఒకటి తీసుకుని నా గదికి వచ్చింది. బొంబాయికి పంపాలి, జరిగింది జరిగినట్టు రాసి ఒక ఉత్తరం కూడా కొట్టివ్వమంది. కొట్టాను. పసుపు సంగతి దాచకుండా రాసి, చివర్లో రాఘవేంద్ర పాత ప్రశ్నే మళ్లీ పెట్టాను. కాగితం మిషను లోంచి తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె నా వైపు అనుమానంగా చూసింది, మళ్లీ అరుస్తానేమోనని. నేను చెంబుతో నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆమె నడుము సంచిలోంచి పసుపు తీసి, తడిపి, ఒక్కొక్క మూలా అద్దింది.

“పెద్దమ్మా, ఈ కింది మూలకు సరిగ్గ అంటలే,” అన్నాను. “ఇంకొంచెం పెట్టు.”

జవాబు పెళ్లయ్యాక వచ్చింది. ఈసారి పేజీ నిండా ఉంది. కొత్త దంపతులు దాన్ని పట్టుకుని నా దగ్గరికే వచ్చారు. పద్మ చదివింది, నేను వెనకవైపు తడిమాను. ఆ పెద్దమనిషి కడుపుబ్బ నవ్వుకున్నానని రాశాడు. నూలు పోగు తాను చిన్నప్పుడు పట్టుకోలేదట. వాళ్ల తాతకు చిన్న బట్టల దుకాణం ఉండేదట. అక్కడ తనకు అప్పజెప్పిన మొదటి పని, వాళ్లింటి పెళ్లి కార్డుల మూలలకు కుంకుమ అద్దడమట. ఒక్క కార్డుకు మరిచిపోతే తాత మొత్తం కట్ట మళ్లీ తీయించేవాడట. అందుకే ఈ రోజుకూ మూలలకు రంగు అద్దిన కాగితం ఏది వచ్చినా నేరుగా తన బల్ల మీదికే రావాలని, దానికి తానే సంతకం పెడతానని రాశాడు. ఆల్బంలో ఆ ఉత్తరం మొదటి పేజీలోకి పోయింది.

తర్వాత చాలా ఏళ్లు టైపు కొట్టాను. ఇప్పటికీ ఒక అక్షరం తప్పు పడితే కాగితం చింపేసే రకమే నేను. ఆ అలవాటు పోలేదు, పోనివ్వను. అయితే ఆ రోజునుంచి ఎవరైనా దరఖాస్తు చేతికి తీసుకుని కళ్లకద్దుకుంటే, దేవుడి పటం ముందు పెట్టి పంపుతామంటే, మడత నలుగుతుందని నేను కసురుకోలేదు. కాగితం మీద అక్షరాలు కొట్టడం వరకే నా పని. అది పోయే చోటికి మంచిగా పోవాలని కోరుకునే మనిషి వేరే ఉంటారు, వాళ్ల చెయ్యి కూడా దాని మీద పడాలి. తెలుగు మిషను పాడై కొత్తది కొన్నప్పుడు మొదటి కాగితం ఎక్కించకముందే ఈరమ్మకు కబురు పంపాను. ఆమె వచ్చి, మిషను నాలుగు మూలలా పసుపు పెట్టి, వేళ్లు నా వైపు చాపి చూపించింది.

“చేతులు కడుక్కొనే వచ్చిన బిడ్డా,” అంది.